దుబాయి చిత్రీకరణకు అక్కడి కెమెరా బృందమా, మనవాళ్లా?

రాజోలు నుంచి: మా ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను. కొబ్బరి తోటలూ, పంటు మీద గోదావరి దాటే ప్రయాణమూ తీసేశాను. దుబాయి భాగానికి అక్కడి బృందాన్ని పెట్టుకోవాలా? అనుభవమున్నవారు చెప్పండి.

అమలాపురం నుంచి: అక్కడివాళ్లే మేలండీ. బహిరంగ ప్రదేశాల్లో చిత్రీకరణకు ముందస్తు అనుమతి కావాలి, డ్రోన్‌కు వేరే అనుమతి. లైసెన్సున్న స్థానిక సంస్థకు ఆ దారులన్నీ తెలుసు. రోజుకు ఎన్ని గంటలు, అదనపు గంటకు ఎంత, ఫుటేజీ హక్కు ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించుకోండి. కెమెరా మెమరీ కార్డుల నకలు ఏ రోజుకారోజు మీ హార్డ్‌డిస్క్‌లోకి రావాలి, ఇందులో మొహమాటపడొద్దు. ప్రశ్నలు మాత్రం మీరే అడగండి. మన ఊరి మాట చెవిన పడితేనే ఆ అక్కలు మనసు విప్పుతారు.

నరసాపురం నుంచి: సొంత కెమెరా పట్టుకెళితే ఫిక్కీ (వాణిజ్య మండళ్ల సమాఖ్య) ఇచ్చే ఏటీఏ కార్నెట్, అంటే సామాను తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం, తీసుకోండి. తిరిగి తెచ్చే సామానుకు సుంకం కట్టనక్కర్లేదు, ఏడాది వరకు చెల్లుతుంది. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టాలి. అన్నట్టు, అక్కడి బృందాన్ని పెట్టుకుంటే వీడియో సెకనుకు 25 ఫ్రేముల్లో తీయాలని వాళ్లకు ముందే చెప్పండి. అక్కడా కరెంటు 50 హెర్ట్జే, కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెడితే ట్యూబులైట్లు మిణుకుమనవు.

రాజోలు నుంచి: ధన్యవాదాలండీ, అక్కడి బృందాన్నే మాట్లాడతాను. సౌండు చూసేవారు మాత్రం తెలుగువారే కావాలి. దుబాయిలో మీకు తెలిసినవారు ఉన్నారా?