‘ఏరోప్లేన్’ ఆల్బమ్‌లో ఆ గరగర లోపమా? కాదనే నా వాదన

రాత్రిరేడియో:
నిన్న ఒక ఫ్రెండ్‌కి న్యూట్రల్ మిల్క్ హోటల్ బ్యాండ్ ‘ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ’ వినిపించాను. రెండో పాట సగంలోనే హెడ్‌ఫోన్స్ తీసేసి, “సరిగ్గా రికార్డ్ చేసి ఉంటే బాగుండేది” అన్నాడు. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పదేళ్లుగా వింటున్నాను. దీన్ని శుభ్రం చేస్తే ఇందులో ఏమీ మిగలదు.

విననివాళ్ల కోసం రెండు ముక్కలు. 1998 ఫిబ్రవరిలో మెర్జ్ రికార్డ్స్ విడుదల చేసింది. 11 పాటలు, దాదాపు 40 నిమిషాలు. రాసి పాడింది లూసియానాకు చెందిన జెఫ్ మాంగమ్. 1997లో డెన్వర్‌లో, స్నేహితుడు రాబర్ట్ ష్నైడర్ స్టూడియోలో రికార్డ్ చేశారు.

ఆ గరగర చేతకాక వచ్చింది కాదు. గిటార్ మోతను కావాలనే పగిలేదాకా పెంచారు. దాని పక్కనే జూలియన్ కోస్టర్ రంపం మీద వయొలిన్ కమాను లాగుతుంటే, ఎవరో దూరంగా ఏడుస్తున్నట్టు సన్నటి స్వరం వస్తుంది. ఆ మోత ఉండబట్టే ఈ సన్నదనం గుండెకు తగులుతుంది. ఎనిమిదో పాట ‘ఓ కమ్లీ’ ఎనిమిది నిమిషాలకు పైనే. మాంగమ్ గిటార్ పట్టుకుని ఒక్క టేక్‌లో పాడేశాడు. అయిపోయాక పక్కనుంచి ఒక కేక చిన్నగా వినిపిస్తుంది. బూరలు వాయించే స్కాట్ స్పిలేన్ ఆశ్చర్యం పట్టలేక అరిచిన అరుపు అది. దాన్ని చెరపకుండా వదిలేశారు చూడండి, అందుకే నాకు వాళ్లంటే అంత గౌరవం.

స్వరలహరి:
రేడియో గారూ, మీ ఇష్టాన్ని కాదనను. కానీ గొంతు శ్రుతి తప్పినా, మైకు బద్దలైనా ‘భావం’ అని సరిపెట్టుకుంటే ఇక సాధన ఎందుకండీ? నేను పన్నెండేళ్లు సంగీతం నేర్చుకున్నాను. నా చెవికి ఆయన అరుస్తున్నాడు, అంతే. 1998లో పదికి 8.7 ఇచ్చిన సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్కే 2005లో 10 ఇచ్చింది. మారింది ఆల్బమ్ కాదు కదా, దాని చుట్టూ పెరిగిన కథ.

ఇంకో మాట. ఈ పాటల్లో చాలాచోట్ల కనిపించేది ఆన్ ఫ్రాంక్. నాజీల నుంచి దాక్కుంటూ డైరీ రాసి, 15 ఏళ్లకే వాళ్ల బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ క్యాంపులో చనిపోయిన నిజమైన అమ్మాయి. ఆమె మీద ఒక అపరిచితుడు ప్రేమపాటలా పాడుతుంటే నాకు చాలా ఇబ్బందిగా ఉంటుంది.

తాటిముంజ:
శ్రుతి సంగతికి ఒక్క మాట. చిన్నప్పుడు మా ఊళ్లో తెల్లవార్లూ కాటిసీను పద్యాలు విన్నాను. తెల్లవారుజాముకి నటుడి గొంతు జీరబోయేది. ఆ జీరలోనే జనం ఏడ్చేవాళ్లు. మాంగమ్ పైస్థాయికి వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

రాత్రిరేడియో:
లహరి గారూ, ఆన్ ఫ్రాంక్ గురించి మీరన్నది కొట్టిపారేయలేను. నాకూ ఒకటి రెండు చరణాలు ఇబ్బందే. అయితే ఆ డైరీ చదివి రోజుల తరబడి ఏడ్చానని మాంగమే చెప్పాడు. కాలంలో వెనక్కి వెళ్లి ఒక మనిషిని కాపాడలేకపోయిన బాధ నాకు ఇందులో వినిపిస్తుంది. మా తాతయ్య చనిపోయిన నెలలో ‘హాలండ్, 1945’ రోజూ విన్నాను. అంత వేగంగా, బూరలతో, పెళ్లి ఊరేగింపులా సాగే పాటలో అంత దుఃఖం ఎలా పట్టిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

కథ పెరిగిందన్నారు, నిజమే. 1998 తర్వాత మాంగమ్ దాదాపు కనుమరుగయ్యాడు, బ్యాండ్ మళ్లీ టూర్‌కి వచ్చింది 2013లో. కానీ నాకు ఆ కథేమీ తెలియనప్పుడే ఈ ఆల్బమ్ నచ్చింది. పైరసీ సీడీలో, పాటల పేర్లు కూడా లేకుండా విన్నాను.

శ్రుతి గురించి మిమ్మల్ని ఒప్పించలేనేమో. ఒక్క ఎనిమిదో పాట మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా వినండి. దయచేసి మధ్యలో ఆపకండి.

స్వరలహరి:
విన్నాను. గొంతు విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఐదో నిమిషం దగ్గర ఆపేద్దామనుకున్నాను, మీరు అడిగారని ఆగాను. ఆ కేక మాత్రం వెనక్కి జరిపి మూడుసార్లు విన్నాను.