అప్‌డేట్: వేలంలో పాత మంగలి కత్తి

ఆన్‌లైన్ వేలంలో రెండు పాత మంగలి కత్తులు చూసి, జర్మనీలోని సోలింగెన్‌లో చేసిన తళతళలాడేది పాడాలా, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన మచ్చలు పడ్డది పాడాలా అని అడిగాను కదా. మీరన్నట్టే అమ్మేవాళ్లను అంచు దగ్గరి ఫొటో అడిగాను. సోలింగెన్ కత్తి అంచు మీద వెంట్రుకంత పగులు! పైగా దానిది సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి. అది కుళ్లిందంటే ఆమ్లపు ఆవిరి ఉక్కును తినేస్తుంది. వదిలేశాను.

షెఫీల్డ్‌ది నా పాటకే వచ్చింది. మచ్చలన్నీ వెన్ను వైపే, అంచు దాకా పాకలేదు. వెన్ను కూడా రెండు పక్కలా సమంగానే అరిగింది. బొటనవేలి గోరు మీద అంచును మెల్లగా లాగి చూశాను, ఎక్కడా తట్టుకోలేదు. సానరాయి మీద గంటన్నర, ఆపైన తోలుపట్టీ మీద యాభై సార్లు. నిన్న చెంపలు నున్నగా వచ్చాయి. చుబుకం కింద మాత్రం రెండు గాట్లు. అది కత్తి తప్పు కాదులెండి.