అప్‌డేట్: గోడను లేపుతున్న రక్షిత చెట్టు సంగతి

పక్కింటి పెద్ద చెట్టు వేరు మా కాంపౌండ్ గోడను పైకి లేపుతోంది, కొమ్మలు పైకప్పు మీదికి వచ్చాయి, చెట్టుకేమో చట్టరక్షణ ఉంది, ఏం చేయాలి అని అడిగాను కదా. మీ వైపు వచ్చిన కొమ్మలు మీరు కొట్టేయొచ్చని చాలామంది అన్నారు. మామూలు చెట్టయితే సరేనేమో. మా దగ్గర రక్షిత చెట్టుకు అలా కుదరదట. కొమ్మ మన వైపున్నా ముందు అనుమతి తీసుకోవాల్సిందే, వేర్లకూ అదే రూలు అని ఆ అనుమతులిచ్చే ఆఫీసులో చెప్పారు. తొందరపడనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత చెట్ల నిపుణుడు వచ్చారు. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో కాండం చుట్టూ టేపు పెట్టి కొలిచారు. చిన్న సుత్తితో అక్కడక్కడా కొట్టి విన్నారు; లోపల తొర్ర ఉంటే డొల్లగా మోగుతుంది. ఎక్కడ కొట్టినా గట్టిగానే మోగింది. గోడ కింద మట్టిని చేత్తోనే తీయిస్తే నా ముంజేతి కన్నా లావు వేరు బయటపడింది. వేర్లు చాలావరకు పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయని, ఇంత వేరు నరికితే గాలివానకు చెట్టు మా ఇంటి మీదే పడొచ్చని ఆయన అన్నప్పుడు నిజంగా భయమేసింది.

ఎండుకొమ్మలు తీయడానికి, రెండు పచ్చికొమ్మలు కురచ చేయడానికి అనుమతి వచ్చింది. గోడను వేరు ఉన్నంతమేర విప్పి, వేరుకు అటూ ఇటూ స్తంభాలు వేసి, పైన దూలం మీద కట్టించబోతున్నాం. వేరు లావెక్కడానికి కింద ఖాళీ ఉంటుంది. సగం ఖర్చు పెట్టుకుంటామని పక్కింటివాళ్లే ముందుకొచ్చారు. పని వచ్చే వారం మొదలు.