ఫెలోషిప్ నెట్ కొట్టినవాళ్లకేనా, పీహెచ్‌డీలో చేరిన అందరికీనా?

కాలమ్_బెంచి (తిరుపతి):
స్టేట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడు. పక్క బెంచీ అమ్మాయికి నెట్ పరీక్షలో పై మార్కులతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, నెలకు 37,000. పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకైతే మొదటి రెండేళ్లు నెలకు 70,000. నాకు ఒక్క రూపాయి లేదు, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటున్నాను. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్షకు శాంపిల్ బయటికి పంపితే ఆ డబ్బు కూడా నా జేబులోదే. అందుకని పదార్థం శుద్ధమైందో లేదో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద ఒకే స్పాట్ కనిపించేదాకా, మిశ్రమాన్ని విడగొట్టే కాలమ్ మీద కాలమ్ వేస్తాను. కాలమ్ నుంచి విడిగా పట్టి పక్కన పెట్టేసిన భాగాల్లో (ఫ్రాక్షన్లలో) కొత్తదేమైనా ఉందేమో చూడాలని ఉంటుంది, చూడలేను. చేరిన ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత ఇవ్వాలంటాను. మీరేమంటారు?

చిత్తూరు_మాస్టారు:
బాబూ, నీ కష్టం కాదనను. కానీ జనం కట్టిన పన్ను డబ్బు ఇచ్చేటప్పుడు ఒక వడపోత ఉండాలి. పలమనేరు పక్క పల్లె నుంచి, ఎవరి సిఫారసూ లేకుండా జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లలకు నేను పాఠం చెప్పాను. వాళ్లు ఎవరో ఆ పరీక్షకు తెలియదు, అదే వాళ్లను కాపాడింది. చేరితే చాలు డబ్బు అంటే సీటు దగ్గరే పైరవీలు మొదలవుతాయి.

రాడార్_నీడ (గాదంకి):
మాస్టారూ, సీటు దగ్గర పైరవీల మాట నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ మూడు గంటల పరీక్ష ల్యాబ్‌లో ఓపికను కొలవదు. జేఆర్‌ఎఫ్‌లో రెండేళ్లయ్యాక కమిటీ కూర్చుని పని చూసి, బాగుంటేనే నెలకు 42,000 ఇచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పంపుతుంది కదా. అదే కమిటీని అందరికీ పెట్టండి, బయటి నిపుణుడితో సహా. మొదటి ఏడాది అందరికీ ఇచ్చి, ఆ తర్వాత పని చూసి కొనసాగించాలి.

మంగళం_అక్క:
తమ్ముడూ, వచ్చేవాళ్లకు కూడా నెలనెలా పడుతోందా? మా మరదలికి నెలల తరబడి ఆగి ఒక్కసారే పడింది, అప్పటిదాకా హాస్టల్ మెస్ బిల్లు మేమే కట్టాం. ఎవరికిచ్చినా ముందు టైముకివ్వాలి.

కాలమ్_బెంచి:
నిజమే అక్కా. మాస్టారూ, పరీక్ష తీసేయమనడం లేదు, జేఆర్‌ఎఫ్ వాళ్ల డబ్బు తగ్గించమనీ అనడం లేదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేకున్నా పీహెచ్‌డీకి నెలకు 8,000 ఇస్తారు. 2015లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) దాన్ని ఆపేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు ఆఫీసు ముందే బైఠాయించారు. స్టేట్ యూనివర్సిటీలో చేరామని మాకు అది కూడా లేదు. రాడార్ అన్న చెప్పిన కమిటీ పెట్టండి, నా ల్యాబ్ నోట్‌బుక్ తెచ్చి చూపిస్తాను. పని నచ్చకపోతే ఆపేయండి, అభ్యంతరం లేదు.

చిత్తూరు_మాస్టారు:
బయటి నిపుణుడు తప్పకుండా ఉండాలన్న షరతు మీద అయితే, మొదటి ఏడాది వరకు ఒప్పుకుంటాను. సీట్ల ఎంపిక మాత్రం గైడ్ చేతిలో ఉండకూడదు.