"చట్టం తన పని తాను చేసుకుపోతుంది": ఇంతకీ పని చేసేది ఎవరు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. పేరున్న మనిషి మీద కేసు పడిందంటే చాలు, మైకు ముందుకు వచ్చినవాళ్ళంతా "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అంటారు. ఇది అచ్చంగా మన పలుకుబడేనా, ఇంగ్లీషు నుంచి దిగిందా? "చేసుకుపోతుంది"లో ఆ "పోవు"కి ఏం అర్థం చెప్పుకోవాలి? "చట్టం తన పని చేస్తుంది" అంటే సరిపోదా?

జవాబు:

ఇంగ్లీషులో "లా విల్ టేక్ ఇట్స్ ఓన్ కోర్స్" అనే మాట ఉంది, మనది దానికి తెలుగు అనువాదమే. కానీ తెలుగులోకి వచ్చాక బాగా మారింది. ఇంగ్లీషువాళ్ళ చట్టం తన దారిన తాను పోతుంది, అంతే. మనవాళ్ళు దానికి ఒక పని అప్పజెప్పారు.

ఇక "చేసుకుపోవు". ఇందులో "చేయు"కి "కొను", "పోవు" రెండూ తోడయ్యాయి. "కొను" వల్ల తనకు సంబంధించిన పని అనే అర్థం వస్తుంది. "పోవు" వల్ల ఆగకుండా, పక్కవాళ్ళని పట్టించుకోకుండా సాగడం అనే అర్థం వస్తుంది. "ఎవరు విన్నా వినకపోయినా చెప్పుకుపోతున్నాడు", "తలెత్తకుండా రాసుకుపోతోంది" అంటాం కదా, అలాంటిదే. దానికి "తన", "తాను" కూడా చేరేసరికి, ఒకరు చెప్పనక్కర్లేదు, ఒకరు ఆపినా ఆగదు అనే ధ్వని వచ్చేసింది. "చట్టం తన పని చేస్తుంది" అంటే ఈ బలం రాదు. కాబట్టి వాక్యంగా చూస్తే ఇది చక్కటి తెలుగే.

నాకు పేచీ కర్తతో. ఈ వాక్యంలో పని చేసేది చట్టం. చట్టం వెళ్ళి ఎవరి తలుపూ తట్టదు, ఫిర్యాదు రాసుకోదు, వాయిదా వెయ్యదు. ప్రతి పనికీ ఒక మనిషి ఉంటారు. ఆ మనిషి ఆ పని చెయ్యకపోతే, లేదా తనకు లేని అధికారంతో చేస్తే, అడిగేది ఎవరో కూడా తేలి ఉండాలి. చట్టబద్ధ పాలన అని మనం గౌరవంగా పిలుచుకునేది నిలబడేది అక్కడే. మన వార్తాభాషలో మాత్రం ఈ మనిషి ఎప్పుడూ కనపడడు. "కఠిన చర్యలు తప్పవు", "చర్యలు తీసుకోబడతాయి", "విచారణకు ఆదేశాలు వెలువడ్డాయి". ఎవరు తీసుకుంటారు? ఎప్పటిలోగా? ఒక్క వాక్యంలోనూ ఉండదు.

అరెస్టునే తీసుకోండి. మన రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది గొప్ప హక్కే. కానీ ఆ 24 గంటలు ఎప్పటి నుంచి లెక్క? నిన్న పొద్దున తీసుకెళ్ళి, ఇవాళ సాయంత్రం పట్టుకున్నామని రాస్తే ఆ హక్కు ఉన్నా లేనట్టే. అందుకే 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో ఎలా ఉండాలో వివరంగా చెప్పింది. అరెస్టు చేసేటప్పుడే మెమో రాయాలి. అందులో తేదీ, సమయం ఉండాలి. కనీసం ఒక సాక్షి సంతకం చెయ్యాలి, ఇంటి మనిషి గానీ ఆ ప్రాంతంలో మర్యాదస్థుడు గానీ. పట్టుబడిన మనిషి కూడా సంతకం చెయ్యాలి. అరెస్టు చేసే పోలీసుల ఒంటి మీద పేరూ హోదా స్పష్టంగా కనపడాలి.

ఈ షరతులు ఒక్కొక్కటే చూడండి. సమయం ఉంది కాబట్టి గడువు లెక్కకు అందుతుంది. సాక్షి సంతకం ఉంది కాబట్టి ఆ సమయాన్ని తర్వాత దిద్దడం కష్టం. ఛాతీ మీద పేరు ఉంది కాబట్టి రేపు కోర్టులో "పోలీసులు కొట్టారు" అనడానికి బదులు ఫలానా అధికారి కొట్టాడని చెప్పొచ్చు. అంతా కలిపి ఒక కాగితం. చట్టం తన పని చేసుకుపోవడం అంటే ఇదే, ఆ కాగితం మీద ముగ్గురి సంతకాలు పడటం. ఒక్క సంతకం తక్కువైనా అడగడానికి డిఫెన్సు లాయరుకి, నిలదీయడానికి మేజిస్ట్రేటుకి ఆధారం దొరుకుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1762 నవంబరులో ఇంగ్లండులో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటి మీదకి రాజుగారి మనుషులు నలుగురు వచ్చి పడ్డారు. వాళ్ళ చేతిలో మంత్రి హాలిఫాక్స్ ప్రభువు ఇచ్చిన వారంటు ఉంది. నాలుగు గంటల పాటు ఇల్లంతా తిరగేసి, తాళాలు పగలగొట్టి, కాగితాలు పట్టుకుపోయారు. ఎంటిక్ దావా వేసింది నేరుగా తన ఇంట్లోకి వచ్చిన ఆ నలుగురి మీద, పేరుపేరునా. "పైనుంచి వారంటు ఉంది కదా" అని వాళ్ళ వాదన. 1765లో కామ్‌డెన్ ప్రభువు తీర్పు చెబుతూ, మంత్రికి అలాంటి వారంటు ఇచ్చే అధికారాన్ని ఏ చట్టం ఇచ్చిందో చూపించమన్నాడు. అది చట్టమే అయితే మన పుస్తకాల్లో కనిపిస్తుంది, కనిపించకపోతే చట్టం కాదు అన్నాడు. ఆ నలుగురూ 300 పౌండ్లు కట్టాల్సి వచ్చింది.

సామాన్యుడికి చట్టం కాదననిదంతా చెయ్యొచ్చు. అధికారికి మాత్రం చట్టం ఔనన్నదే చెయ్యాలి. ఎంటిక్ కేసు నేర్పేది ఇదే. "నన్ను చెయ్యమన్నారు" అనే జవాబు చెల్లదని తేలిన చోటే పాలన చట్టానికి లోబడుతుంది.

మరో సభ్యురాలు:

మీరు చెప్పింది బాగుందండీ, కానీ ఒక సందేహం. చట్టపాలన అంటేనే మనుషుల ఇష్టాయిష్టాలతో నడవనిది కదా. 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగంలోనే "మనుషుల ప్రభుత్వం కాదు, చట్టాల ప్రభుత్వం" అనే మాట ఉంది. ఎస్సై మారినా, జడ్జి మారినా జరిగేది ఒకేలా ఉండాలనే కదా మనం కోరుకునేది? అలాంటప్పుడు మనిషిని పక్కన పెట్టి చట్టాన్నే కర్తగా కూర్చోబెట్టడం ఆదర్శాన్ని సరిగ్గా చెప్పినట్టే. "చట్టం ఎవరికీ చుట్టం కాదు" అని మనవాళ్ళు అన్నదీ అందుకే. ఒక మంత్రి "నేను జోక్యం చేసుకోను" అనే అర్థంలో ఆ మాట అంటే అందులో తప్పేముంది?

జవాబు:

తప్పేమీ లేదండీ. జోక్యం చేసుకోను అనే అర్థంలో అంటే అది మంత్రి అనవలసిన మాటే, ఆ మాట మీద నిలబడితే మెచ్చుకోవాలి కూడా. మీరు చెప్పిన ఆదర్శం నాకూ ప్రియమైనదే. నేననేది, ఆ వాక్యం నిజం కావాలంటే దాని వెనక చాలా ఏర్పాటు ఉండాలని.

ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ తీర్పులు తానే చెబుతానంటే, ఎడ్వర్డ్ కోక్ అనే ప్రధాన న్యాయమూర్తి ఎదురుచెప్పాడు. రాజు ఏ మనిషికీ లోబడనక్కర్లేదు గానీ దేవుడికీ చట్టానికీ లోబడాలని పాత శాస్త్రవాక్యం ఎత్తి చూపించాడు. అది 1607. మాట నిలిచింది కానీ మనిషి నిలవలేదు, 1616లో రాజు ఆయన్ని పదవి నుంచి తీసేశాడు. అప్పట్లో జడ్జిలు రాజుగారి దయ ఉన్నంతకాలమే జడ్జిలు. ఆ పరిస్థితిని మార్చింది 1701 నాటి చట్టం. సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం జడ్జిని తొలగించకూడదనీ, తొలగించాలంటే పార్లమెంటు ఉభయసభలూ కోరాలనీ అందులో రాశారు. మన సుప్రీంకోర్టు జడ్జిని తొలగించాలన్నా ప్రతి సభలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. జడ్జికి ధైర్యం ఉంటే చాలదు. ధైర్యం చూపినందుకు ఉద్యోగం పోకూడదు. "ఎస్సై మారినా, జడ్జి మారినా" అన్నారే, ఆ నిలకడ ఇలాంటి ఏర్పాట్ల వల్లనే వస్తుంది.

ఏర్పాటు ఉన్నా మనుషులు చెయ్యకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్ళు హేబియస్ కార్పస్, అంటే తమని కోర్టు ముందుకు తెచ్చి నిర్బంధానికి కారణం చూపించమనే ఆదేశం, అడగొచ్చా అనే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒక పోలీసు అధికారి వ్యక్తిగత కక్షతో మనిషిని చంపేసినా ఏ దారీ లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతవరకు లేదని ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే జవాబిచ్చారు. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు. ఒక్క ఖన్నా గారే కాదన్నారు. సీనియారిటీ ప్రకారం ఆయన ప్రధాన న్యాయమూర్తి కావాలి. 1977 జనవరిలో ఆయన్ని కాదని జూనియర్‌కి ఆ పదవి ఇస్తే రాజీనామా చేశారు.

ఆ తీర్పు రోజున రాజ్యాంగం ఉంది, చట్టాలున్నాయి, కోర్టులున్నాయి. చట్టం మాత్రం తన పని చేసుకుపోలేదు. తర్వాత దాన్ని సరిదిద్దిందీ మనుషులే. 1978లో పార్లమెంటు 44వ సవరణతో, ఎమర్జెన్సీలో సైతం జీవించే హక్కును కోర్టులో అడిగే దారిని మూసెయ్యడానికి వీల్లేదని రాసింది. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఆ పాత తీర్పు తప్పని చెప్పి కొట్టేసింది. అలా చెప్పిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, 1976లో ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ వై.వి. చంద్రచూడ్ కుమారుడే. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. రక్తసంబంధం చూడకుండా తీర్పు తప్పని చెప్పడం, మీరు గుర్తుచేసిన "చట్టం ఎవరికీ చుట్టం కాదు" అన్న మాటకి ఇంతకన్నా నిదర్శనం ఉండదు.

ఇంకొకటి కూడా ఉంది, ఓడిపోయినవాళ్ళు తీర్పుకి తలవంచడం. కోర్టుకి సొంత సైన్యం ఉండదు. 1974 జూలై 24న అమెరికా సుప్రీంకోర్టు, వాటర్‌గేట్ కుంభకోణం కేసులో తన సంభాషణల టేపులు అప్పగించమని అధ్యక్షుడు నిక్సన్‌ని ఆదేశించింది. తీర్పు ఏకగ్రీవం. రాసిన ప్రధాన న్యాయమూర్తి బర్గర్‌ని నియమించింది నిక్సనే. ఆయన టేపులు ఇచ్చారు, ఆగస్టు 9న పదవి వదిలారు. ఇవ్వనని మొండికేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే టెన్షన్‌గా ఉంటుంది.

ఇంకో సభ్యుడు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. పాఠ్యపుస్తకాల్లో "సమన్యాయ పాలన" అని చదువుకున్నాం. పత్రికల్లో "చట్టబద్ధ పాలన" అంటున్నారు. మీరు రెండోదే వాడారు. రెండూ ఒకటేనా?

జవాబు:

చెప్పే విషయం ఒకటే, నొక్కి చెప్పే చోటు వేరు. "చట్టబద్ధ" అంటే చట్టానికి కట్టుబడిన. కట్టుబడాల్సింది పాలించేవాళ్ళు అనేది అందులో బాగా పలుకుతుంది. "సమన్యాయ"లో అందరికీ ఒకే న్యాయం అనేది ముందుకొస్తుంది. 1885లో డైసీ అనే ఇంగ్లీషు న్యాయశాస్త్ర పండితుడు ఈ సిద్ధాంతాన్ని వివరిస్తూ, ప్రధానమంత్రి నుంచి కానిస్టేబుల్ దాకా, పన్ను వసూలు చేసే ఉద్యోగి దాకా అందరికీ మామూలు పౌరుడి మీద ఉండే బాధ్యతే ఉండాలన్నాడు. తెలుగు చేసినవాళ్ళు ఆ భాగాన్ని మనసులో పెట్టుకుని "సమ" చేర్చారని నా ఊహ.

ఆ "సమ"ని తేలిగ్గా వదలొద్దు. దక్షిణాఫ్రికాలో మనుషుల్ని జాతుల వారీగా నమోదు చేసినా, ఎవరు ఏ ప్రాంతంలో ఉండాలో గిరిగీసినా, అన్నీ 1950లో పార్లమెంటు పద్ధతి ప్రకారం చేసిన చట్టాలే. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. దాన్ని చట్టంతో పాలించడం అనొచ్చు గానీ సమన్యాయ పాలన అనడానికి నోరు రాదు. అధికారులు హద్దు మీరిన వార్త రాస్తే "చట్టబద్ధ పాలన" వాడతాను. ఒకరికి ఒక న్యాయం, మరొకరికి ఇంకో న్యాయం జరిగిన చోట పాఠ్యపుస్తకం మాటే నాకు సరిగ్గా అతుకుతుంది.

మొదటి ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. ఒక్కటి మాత్రం చెప్పండి. శనివారం రాత్రి అరెస్టు చేస్తే ఆదివారం కోర్టు ఉండదు కదా, అప్పుడు ఆ 24 గంటల సంగతేమిటి?

జవాబు:

సెలవు వచ్చిందని గడువు ఆగదు. అరెస్టు చేసిన చోటు నుంచి కోర్టుకి వెళ్ళడానికి పట్టే ప్రయాణ సమయాన్ని మాత్రమే అందులోంచి మినహాయిస్తారు. ఆదివారమైతే మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు. మేజిస్ట్రేటు ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, ఇంట్లోవాళ్ళకి చెప్పారా అని అడిగి, ఆ జవాబులు చూశాకే రిమాండు కాగితం మీద సంతకం చెయ్యాలి.