ఒక క్యారెట్ వజ్రపు ఉంగరం: రౌండా, ఓవలా? కట్ గ్రేడ్ లేని రాయి కొనొచ్చా?

కొత్తబేరం: రౌండ్‌కు జీఐఏ (వజ్రాలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ) రిపోర్టులో కట్ "ఎక్సలెంట్" అని ఉంది. అదే బరువు ఓవల్ చవకగా వస్తోంది గానీ కట్ గ్రేడే లేదు. అడిగితే "ఓవల్ కట్టే కదండీ" అంటున్నారు.

సానరాయి: అక్కడే తిరకాసు. ఓవల్ అనేది ఆకారం. కట్ అంటే పలకల కోణాలు, పాళ్లు. జీఐఏ 2006లో మొదలుపెట్టిన కట్ గ్రేడు రౌండ్ బ్రిలియంట్‌ది, అంటే మామూలు గుండ్రటి రాయిది. మీ ఓవల్‌కు పాలిష్, సిమెట్రీ (పలకల పొందిక) మాత్రమే రాసుంటారు. రౌండే తీసుకోండి. వ్యాసంలో టేబుల్ (పైనున్న చదును పలక) 54–58 శాతం, లోతు 60–62.5 శాతం, క్రౌన్ (పైభాగం) కోణం 34–35 డిగ్రీలు, పెవిలియన్ (అడుగుభాగం) కోణం 40.6–41 ఉంటే చాలు.

రవ్వలదుద్దు: ఎక్సలెంట్ అనగానే కళ్లు మూసుకోవద్దు. క్రౌన్ 35.5, పెవిలియన్ 41.2 ఉన్న రాయి కూడా ఆ గ్రేడులో దూరిపోతుంది. రెండూ ఏటవాలైతే వెలుతురు అడుగునుంచి జారిపోయి టేబుల్ కింద మసక వలయం పడుతుంది. వ్యాసం కూడా చూడండి: క్యారెట్ రౌండ్ 6.4–6.5 మి.మీ. ఉండాలి. 6.2 ఉందంటే బరువంతా అడుగునో, గర్డిల్ (నడుమ అంచు) మందంలోనో దాక్కుంది. పైకి కనిపించని బరువుకు డబ్బు కట్టడమే.

అంచుకొలత: గ్రేడు లేదని ఓవల్‌ను తోసేయడం అన్యాయం. 7.7 × 5.7 మి.మీ. రాయి వేలిమీద నిండుగా కనిపిస్తుంది. చూడాల్సింది నడుమ అడ్డంగా పడే నల్లటి "బో టై" నీడ. షోరూము స్పాట్‌లైట్ల కింద అది తెలీదు, అక్కడ గాజుపెంకూ తళుక్కుమంటుంది. కిటికీ దగ్గరికి తెచ్చి, జానెడు దూరంలో పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ వంచండి. నీడ కదిలి తళుకుగా మారితే ఫర్వాలేదు. ఎటు వంచినా నల్లగానే ఉంటే వదిలేయండి.

సానరాయి: నిండుతనం సగం కంటి భ్రమే. లెక్కేస్తే ఆ ఓవల్ వైశాల్యం సుమారు 34.5 చ.మి.మీ., 6.45 రౌండ్‌ది 32.7. తేడా సుమారు 5.5 శాతం. పైగా ఓవల్ కొసల్లో పసుపుఛాయ పోగవుతుంది. రౌండ్‌లో జె రంగు గ్రేడుతో సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడ అంతకంటే తెల్లటి హెచ్‌కు వెళ్లాలి. చవక అక్కడే కొంత కరుగుతుంది.

అంచుకొలత: రంగు విషయం ఒప్పుకుంటాను. అయినా హెచ్ ఓవల్, హెచ్ రౌండ్ పక్కపక్కన ధర అడగండి, ఓవలే తగ్గుతుంది.

రవ్వలదుద్దు: ఏదైనా బిగించకముందే చూడండి. మన ఏడురాళ్ల దుద్దుల్లాగా అడుగు మూసి బిగించాక పెవిలియన్ ఎవరికీ కనిపించదు.