అక్షరాలన్నీ వచ్చు, గుణింతం గడగడా అప్పజెబుతుంది, మాట మాత్రం చదవలేకపోతోంది

మొలకచదువు (ప్రశ్న)

పాప వయసు అయిదున్నర. అ నుంచి ఱ దాకా వరసగా చెబుతుంది. కానీ మధ్యలో ఒక అక్షరం చూపిస్తే లోపల మొదటినుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగి చెబుతుంది. "పలక" రాసి చూపిస్తే ప... ల... క... అని విడివిడిగా సరిగ్గానే పలుకుతుంది. "ఏం మాట?" అంటే "కలప" అనో "పడక" అనో ఊహిస్తుంది. "కిటికి" దగ్గర "కకు గుడిస్తే కి, టకు గుడిస్తే టి" అంటూ చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మరిచిపోతుంది. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు. రోజుకు ఒకేసారి 20 నిమిషాలు కూర్చుంటున్నాం. చూపు, వినికిడి పరీక్ష చేయించాం, బాగున్నాయి.

గుణింతాలన్నీ పూర్తయ్యాకే మాటల్లోకి వెళ్లాలా? ఒత్తులు ఎప్పుడు? చదవడంతోపాటు రాయించాలా, కొన్నాళ్లు ఆపాలా?

పలకాబలపం

ముందు తేడా ఎక్కడుందో తేల్చుకోండి. రెండు చిన్న పరీక్షలు చాలు.

మొదటిది నోటితోనే. కాగితం పక్కన పెట్టి మీరే "గ... డ... ప" అని మధ్యలో ఒక్కో సెకను విరామం ఇచ్చి పలకండి. "గడప" అనగలిగితే చెవికి కలపడం వచ్చు, ఇబ్బంది అక్షరం గుర్తుపట్టే వేగంలో ఉంది. చెప్పలేకపోతే ఒక వారం అక్షరాలు మానేసి ఈ ఆటే ఆడండి: రెండక్షరాల మాటలతో మొదలుపెట్టి మూడుకు వెళ్లడం, "పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడగడం, మాటను చప్పట్లతో విడగొట్టడం.

రెండోది అట్టముక్కలతో. 20 అక్షరాలు విడివిడిగా రాసి పేకముక్కల్లా కలిపి ఒక్కొక్కటే చూపించండి. 2 సెకన్లలోపు నోట రాని అక్షరం ఇంకా రాలేదనే లెక్క. వరసలో చెప్పడం వేరు, చూడగానే చెప్పడం వేరు. మీ పాప వరసలో పాడుకుంటూ వస్తోంది కాబట్టి ఒక్కో అక్షరానికి బోలెడు సమయం పోతోంది, మూడోది వచ్చేసరికి మొదటిది జారిపోతోంది. "పలక" "కలప" అవుతున్నది అందుకే. అక్షరాలు మూడూ గుర్తున్నాయి, వరస గుర్తులేదు.

కలిపే పద్ధతి కూడా మార్చండి. ప, ల, క మూడూ పలికి చివర్లో కలపమంటే చిన్నపిల్లలకు భారం. ల, క లను వేలితో మూసి "ప", వేలు జరిపి "పల", ఇంకా జరిపి "పలక". ప్రతి అడుగులోనూ వెనకటిది కలిసే రావాలి. అక్షరం మీద ఆగకుండా కాస్త సాగదీసి పలికితే ఇంకా సులువు.

అక్షరమాల వరసలో వెళ్లకండి. మాటలు పుట్టే అక్షరాలు ముందు. ప, ల, క, త, డ, ర ఆరింటితోనే తల, కల, లత, పలక, కలప, పడక, తడక, కలత వస్తాయి. వీటికి గ, న, మ, ట కలిపితే గడప, నడక, మడత, మరక, నలక, నగ. జంటమాటలు అస్సలు వదలకండి: గలగల, కరకర, పకపక, టపటప, గడగడ. రెండక్షరాలు చదివితే నాలుగక్షరాల మాట చేతికొస్తుంది, పైగా పిల్లలకు నవ్వొస్తుంది. వారానికి 3 కొత్త అక్షరాలు చాలు. ఙ, ఞ, ౠ, ఱ లాంటివి ఏడాది తర్వాత నేర్పినా నష్టం లేదు. ఒత్తి పలికే అక్షరాల్లో ధ, భ మాటల్లో తరచుగా వస్తాయి, మిగిలినవి ఆగొచ్చు.

గుణింతం సంగతి. 35 హల్లులకు 12 గుర్తులనుకుంటే 420 రూపాలు. వాటిని నిలువుగా ఒక్కో హల్లుకు క, కా, కి, కీ అని అప్పజెప్పించడం వల్లే గుణింతం పాటైపోతోంది. అడ్డంగా నేర్పండి: ఒక్క గుర్తు తీసుకుని వచ్చిన హల్లులన్నిటికీ. పా, తా, మా, రా, గా, నా. వెంటనే పాప, తాత, మామ, పాట, మాట. గుర్తుల వరస కూడా పుస్తకంలోది కాదు. దీర్ఘం తర్వాత కొమ్ము తెచ్చేయండి, ఎందుకంటే తెలుగు మాటల్లో చాలావాటి చివర ఉకారమే: కాలు, తాడు, పాలు, మాటలు. తర్వాత గుడి, సున్న. ఆపైన గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం, సుడి చివర్లో. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఆగొద్దు, తలకట్టు అక్షరాలతో ఈరోజే మాటల్లోకి వెళ్లండి.

"కకు గుడిస్తే కి" అనే మంత్రం రాయడానికి పనికొస్తుంది, చదవడానికి అడ్డం. చదివేటప్పుడు మొదలుపెడితే ఆపి "కి" అని మీరే అందించి ముందుకు నడపండి.

20 నిమిషాలు ఒకే బిగిన వద్దు. పొద్దున 8, సాయంత్రం 8. బాగా చదువుతున్నప్పుడే ఆపేయండి.

గుడిదీర్ఘం

పై జవాబుతో చాలామటుకు ఏకీభవిస్తాను. నేను చేర్చేది పోలికల గురించి.

తెలుగులో ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు గుంపులుగా ఉంటాయి: ప, వ, ష, ఫ; ద, డ, ధ, థ, ఢ; మ, య; స, న; బ, భ; ఎ, ఏ, ఐ. ఒకే వారంలో ప, వ రెండూ నేర్పితే నెలల తరబడి తడబాటు. ఒకటి గట్టిపడ్డాక కనీసం రెండు వారాల ఎడం ఇచ్చి రెండోది తేవాలి. అప్పుడు పక్కపక్కన పెట్టి తేడా ఉన్న చోట పాప వేలే పెట్టించాలి. "జాగ్రత్తగా చూడు" అంటే ఎక్కడ చూడాలో పిల్లలకు తెలియదు.

గుణింతంలో దారి తప్పే రూపాలు కొన్ని ఉన్నాయి. వాటిని నియమంతో నేర్పబోతే పిల్లలది తప్పన్నట్టుంటుంది, తప్పు లిపిది. ప, ఫ, వలకు కొమ్ము మామూలు చోట కాక కిందినుంచి వస్తుంది. మామూలుగా తగిలిస్తే "వు" కాస్తా "మ" అయి కూర్చుంటుంది. "మి"లో "వి"కి తోక వచ్చినట్టు ఉంటుంది, అందుకే "మిగతా"ను "విగతా" అని చదువుతారు. మొ, మో, యొ, యోలలో మిగతా హల్లులకు వచ్చే ఒత్వం కనిపించదు, ఎత్వం పెట్టి కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. ఇవి ఒక్కోటి ఒక్కో అట్టముక్క మీద రాసి బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టించడమే.

హ్రస్వదీర్ఘాలకు అర్థం మారే జంటలు వాడండి. మెడ–మేడ, నెల–నేల, కొన–కోన, పడు–పాడు, విడు–వీడు, కుడి–కూడి. రెండూ చూపించి "మేడ ఏది?" అనండి. తప్పు చదివితే అర్థమే తేడా కొడుతుంది, మీరు దిద్దే పని తగ్గుతుంది.

రాయించడం ఆపమని చాలామంది చెబుతారు. నా అభిప్రాయం వేరు: పేజీలు నింపించడం ఆపండి, రాయించడం కాదు. ఆరోజు నేర్చిన అక్షరం నోటితో పలుకుతూ అయిదుసార్లు పెద్దగా, ఇసుకలోనో పలక మీదో. అయిదోది మొదటిదానికన్నా వంకరగా ఉంటే మూడుకే ఆపాలి. అక్షరం తిరగేసి రాసినా కంగారు వద్దు, ఏడేళ్ల దాకా మామూలే.

నాలుగుగీతలు

రెండో భాష చదువు కూడా నడుస్తుంటే ఒక మాట. మన అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరంలో ఉండదు. తెలుగు అలవాటుతో "బ, అ, ట" అని నేర్పితే పిల్లలకు "బ్యాట్" ఎప్పటికీ వినిపించదు, "బాట" వినిపిస్తుంది. బ్, యా, ట్ అని పొల్లుగా, పొట్టిగా పలకాలి. "బీ, ఏ, టీ" అనే అక్షరాల పేర్లు ఆ తర్వాత. తెలుగుకూ దానికీ వేర్వేరు రంగు అట్టలు, వేర్వేరు పూటలు పెట్టండి.

మొలకచదువు

అందరికీ ధన్యవాదాలండి. నోటి పరీక్షలో "గడప" వెంటనే చెప్పింది. అట్టముక్కల్లో 20కి 11 మాత్రమే 2 సెకన్లలో వచ్చాయి. అంటే వేగమే సమస్య అన్నమాట. ఇంకో రెండు అడగాలి. కథల పుస్తకం పేజీ మొత్తం "చదివేస్తుంది", కానీ అది చదవడమా, కంఠస్థమా తెలియడం లేదు. ఒత్తుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. సరదాగా "పిల్లి" చూపిస్తే "పిలిల" అంది.

ఒత్తులపెట్టె

"పిలిల" మంచి తప్పు. కళ్లకు కనిపించింది కనిపించినట్టే చదివింది. గుడి పై ల మీదే ఉంది కదా, కాబట్టి "లి" అని, కింద మిగిలింది "ల" అని. మనం చెప్పాల్సింది ఒక్కటే: కింద ఒత్తు ఉంటే పై అక్షరం పొల్లవుతుంది, దాని మీదున్న గుర్తు కింది అక్షరానికి పోతుంది. పి, ల్, లి. అట్ట మీద పై అక్షరం నల్లగా, ఒత్తునూ అచ్చు గుర్తునూ ఒకే ఎర్ర రంగులో రాస్తే ఆ రెండూ జంట అని కంటికే తెలుస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, దీర్ఘం, కొమ్ము, గుడి, సున్న తడబడకుండా వచ్చాక. మిగతా గుర్తులన్నీ అయ్యేదాకా ఆగితే చదవడానికి మాటలే దొరకవు. అమ్మ, అక్క, అన్న అన్నిటిలోనూ ఒత్తే.

మొదట ద్విత్వాలు: బుగ్గ, గడ్డి, బొమ్మ, పిల్లి, చెట్టు. పైన ఏ అక్షరమో కిందా అదే కాబట్టి ఒత్తు ఆకారం కొత్తదైనా చదవగలుగుతారు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఆరింటి ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలవు, వీటికి ఒక్కోదానికి రెండు మూడు రోజులు ఇవ్వండి. తర్వాతే పుస్తకం, సూర్యుడు లాంటి సంయుక్తాలు. ఎక్కువగా ఇరుక్కునేది ర దగ్గర: చక్రంలో ర కింద ఉంటుంది, తర్కంలో పైన. పైదాన్ని ముందు పలకడం అలవాటైతే రెండూ సర్దుకుంటాయి. "కృ", "క్ర" తేడా ఇప్పుడే తేకండి.

సున్న గురించి ఎవరూ అనలేదు. దాని పలుకు పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. "కంచం"లో రెండు సున్నలున్నాయి, రెండూ ఒకేలా పలకవు, చివరిది "మ్". పిల్లలు "కమ్‌చమ్" అంటే తప్పని దిద్దకుండా "ఇప్పుడు గబగబా అను" అనండి, నోరే సరిచేసుకుంటుంది. గంగ, గంట, బంతి, పంపు వరసగా చదివిస్తే చాలు, నియమం చెప్పక్కర్లేదు.

ఇక కంఠస్థమా కాదా. బొమ్మ మూసి, పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి. లేదా చివరి వాక్యం నుంచి పైకి చదివించండి. చెప్పలేకపోతే కంఠస్థమే. అందులో తప్పేమీ లేదు, కథ మీద ఇష్టం ఉందని అర్థం. ఆ పుస్తకాన్ని మీరు చదివి వినిపించడానికి ఉంచుకుని, తను చదవడానికి వేరేది తీయండి. పేజీకి 5 మాటల కన్నా ఎక్కువ ఆగిపోతుంటే ఆ పుస్తకం ఇంకా బరువు.

పుస్తకం ఎంచేటప్పుడు భాష చూడండి. "వచ్చెను, పోయెను" అని ఉన్నవి పాప నోట్లో లేని మాటలు, సరిగ్గా చదివినా చదివినట్టు తనకే అనిపించదు. "వచ్చాడు, పోయింది" అని ఉన్నవి మేలు. పొడుగు మాటల దగ్గర పెన్సిలుతో సన్నటి గీత పెట్టి విడగొట్టండి: వెళ్లి/పోయాడు, చెప్పి/నట్లు/న్నాడు. రెండోసారి చదివేటప్పుడు గీత చెరిపేయాలి.

ఆగిపోయినప్పుడు వెంటనే అందించకండి, మనసులో అయిదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మాట మొత్తం కాదు, ఆగిన అక్షరం ఒక్కటే చెప్పి, మాటను మొదటినుంచి తననే చదవనివ్వండి.

గుడిదీర్ఘం

ఒత్తులపెట్టె గారూ, ఎర్ర రంగు కిటుకు బాగుంది. ఒక్క జాగ్రత్త: రంగు అట్టలు పది రోజులకు మించితే పిల్లలు రంగునే చదువుతారు. అవే మాటలు నలుపులో కూడా రాసి, రోజు మార్చి రోజు చూపించండి. మొలకచదువు గారూ, ఆ రాని 9 అక్షరాల్లో ప–వ, ద–డ లాంటి జంటలు ఉన్నాయేమో చూసి ఇక్కడ రాయండి, ఏది ముందో చెబుదాం.

మొలకచదువు

చూశానండి. డ, ద, ధ మూడూ అందులోనే ఉన్నాయి. మ, య కూడా.

గుడిదీర్ఘం

అయితే ఈ వారం డ, మ మాత్రమే ఉంచండి. ద, య వచ్చే పక్షం తర్వాత. ధ ఇప్పట్లో వద్దు. వచ్చిన 11 లోంచి రోజూ ఆరు, కొత్త రెండు, మొత్తం ఎనిమిది ముక్కలే కట్టలో ఉండాలి.